మిగిలింది ఒక్క నిమిషమే!

"ఒక్క నిమిషం" అనే మాటకూ గడియారానికీ మన ఊళ్ళలో ఎప్పుడూ చుట్టరికం లేదు. దర్జీ "ఒక్క నిమిషం కూర్చోక్కా, కాజాలే మిగిలుండాయి" అన్నాడంటే రవికె ఇంకా గుడ్డముక్కగానే ఉందని అర్థం. పలమనేరు బస్టాండులో డ్రైవరు "ఒక్క నిమిషం, టీ తాగొస్తా" అన్నాడంటే మనం కూడా దిగి ఒక టీ తాగి, వీలుంటే నాలుగు కూరగాయలు కొనుక్కుని తిరిగి రావచ్చు. భోజనానికి పిలిచినప్పుడు మావారు "ఒక్క నిమిషం" అంటే పులుసు ఇంకోసారి వెచ్చబెట్టాలన్న మాట. ఇన్ని రకాల నిమిషాలతో ఇరవయ్యేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని, నిమిషమంటే నాకేం కొత్త? అయినా చెబుతున్నాను, కంప్యూటరు చెప్పే నిమిషం ఉంది చూశారూ, అది బ్రహ్మదేవుడి లెక్కలోది.

తెర మీద నీలం గీత ఒకటి పాకుతూ ఉంటుంది. దాని కింద "మిగిలిన సమయం 1 నిమిషం" అని రాసి ఉంటుంది. పోనీలే పాపం, నిమిషమేగా అని మనం వెళ్ళి బియ్యం కడిగి కుక్కరు పెట్టి వస్తాం. వచ్చేసరికి "4 గంటల 12 నిమిషాలు" అంటుంది. రెండు విజిల్స్ వస్తాయి. "11 రోజులు" అంటుంది. మూడో విజిలుకి "2 నిమిషాలు"! ఇదేం చోద్యం తల్లీ అని మా మరిది కొడుకుని అడిగాను. వాడు బెంగుళూరులో ఇలాంటి పనే చేస్తుంటాడు. "ఏం లేదు పెద్దమ్మా, ఇంకా రావలసిన సరుకుని ఈ క్షణంలో ఉన్న వేగంతో భాగిస్తుంది, అంతే. వేగం మారినప్పుడల్లా జవాబు మారుతుంది" అన్నాడు. అంటే, లారీ వెనకాల ఇరుక్కుని మొగిలి ఘాట్ ఎక్కుతున్న బస్సులో కూర్చుని, "ఈ లెక్కన తిరుపతికి ఎల్లుండి చేరతాం" అని చెప్పే పెద్దమనిషి లాంటిదన్న మాట. ఘాటు దాటాక అదే పెద్దమనిషి "ఇదిగో, అరగంటలో తిరుపతి" అంటాడు. అబద్ధమాడాడని అనలేం. నమ్మి ఇంటికి ఫోను చేసి అన్నం వండించనూ లేం.

నవలలు రాసుకునేదానికి ఈ నీలం గీతలతో ఏం పని అంటారేమో. చదివింది బి.ఏ.; చరిత్ర, తెలుగు. పెన్నూ, గీతల కాగితాల దస్తాలూ ఉంటే చాలనుకుని ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు ప్రచురణకర్తలు "కాగితాలు వద్దమ్మా, యూనికోడ్‌లో కొట్టి పంపండి" అంటున్నారు. వాళ్ళ బాధలు వాళ్ళవి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుందట. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో "గౌతమి" అనే తెలుగు ఖతి కూడా ఉండేది. కానీ ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా కూర్చోవాలంటే సీడీ పెట్టి మరేదో ఎక్కించమనేది. ఆ సీడీ నెట్ సెంటరు అబ్బాయి దగ్గర ఉండేది, ఆ అబ్బాయేమో ఎప్పుడూ టీకి వెళ్ళి ఉండేవాడు. ఇప్పుడు ఆ సీడీ లేదు, ఆ నెట్ సెంటరూ లేదు. అన్నీ గాల్లోంచే దిగాలి. దిగడంలోనే ఉంది తంటా అంతా.

"ఇన్‌స్టాలర్" అనే పెద్దమనిషిని ముందు మీకు పరిచయం చేయాలి. ఫలానా సాఫ్ట్‌వేర్ కావాలని బొత్తాం నొక్కగానే రెండు మూడు మెగాబైట్ల ఫైలు ఒకటి టక్కున దిగుతుంది. అబ్బ, ఎంత సులువుగా వచ్చిందీ అని సంబరపడతాం. కానీ అది సాఫ్ట్‌వేరు కాదు. ఇంట్లో పెళ్ళికి వంటవాణ్ణి పిలిచామనుకోండి. అతను చేతిలో ఒక్క గరిటె పుచ్చుకుని వస్తాడు. వచ్చి, పందిట్లో నిలబడి, "అమ్మా, బియ్యం తెప్పించండి" అంటాడు. అవి వచ్చాక "ఇప్పుడు కందిపప్పు." ఆ తర్వాత "నూనె." ఇలా ఒక్కొక్కటీ అంగడి నుంచి తెప్పిస్తాడు. సరే, తెప్పిద్దాం. అంగడిలో చింతపండు దొరకడం ఒక్క ఐదు నిమిషాలు ఆలస్యమైందనుకోండి. అంతవరకూ వండినదంతా పారబోసి, గరిటె చంకన పెట్టుకుని, "మీ ఇంట్లో దారి బాగున్నట్టు లేదు, చూసుకోండి" అని వెళ్ళిపోతాడు! మళ్ళీ పిలిస్తే మళ్ళీ బియ్యం దగ్గరి నుంచే మొదలు. అందరూ ఇలాంటివాళ్ళేనని అనను. ఆగినచోటి నుంచే అందుకునే బుద్ధిమంతులూ ఉన్నారు. కానీ ఏ వంటవాడు ఎలాంటివాడో పెళ్ళి మధ్యలో తప్ప తెలియదు.

దీనికి ప్రతిగా "ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్" అని ఇంకొకటుంది. అది నాలుగు గిన్నెల క్యారియరు. అన్నీ లోపలే సర్దుకుని వస్తుంది, మూత తీస్తే భోజనమే. దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది కానీ ఒకసారి దిగిందా, ఇంక ఎవరి దయా అక్కర్లేదు. ఈ క్యారియరుని చాలా కంపెనీలు తయారు చేస్తాయి. చేసి, తమ పేజీలో అట్టడుగున, పంచాంగంలో గ్రహణం వేళల కన్నా చిన్న అక్షరాల్లో దాని లంకె పెడతాయి. ఎందుకలా దాస్తారు? అందరికీ మంచి లైన్లు ఉండే ఊళ్ళలో కూర్చుని వాళ్ళు ఈ ఏర్పాట్లు చేస్తారు. అక్కడ గరిటె వంటవాడే లాభం. కావలసిన దినుసులే, అవీ తాజావే తెస్తాడు. వాళ్ళు పలమనేరులో పెళ్ళి చేసి చూడలేదు, అంతే.

మరి ఈ అంగడి ఎక్కడుంటుంది? ఇక్కడే "మిర్రర్" అనే మాట వస్తుంది. మిర్రరంటే అద్దం. ఉచితంగా ఇచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్లు, ఉదాహరణకి లిబ్రె ఆఫీస్ లాంటివి, ఒక్క చోటి నుంచే ప్రపంచానికంతా పంచాలంటే ఆ ఒక్క యంత్రం నడుం విరుగుతుంది. అందుకని అదే సరుకు నకళ్ళు దేశదేశాల్లో పెడతారు. రేషను సరుకు ఒకటే, డీలర్లు ఊరికొకరు అన్నట్టు. ఈ డీలర్లు ఎవరనుకున్నారు? చాలామటుకు విశ్వవిద్యాలయాలు. మన దేశంలో కాన్పూరు, మద్రాసు ఐ.ఐ.టి.ల వంటివి ఇలాంటి అద్దాలు నడుపుతూ వచ్చాయి. స్వీడన్‌లో ఉమియో అనే ఉత్తరాది చలి ఊళ్ళో విశ్వవిద్యాలయం విద్యార్థుల కంప్యూటరు క్లబ్బు ఒకటి ఉంది. వాళ్ళ అద్దం ప్రపంచమంతా ప్రసిద్ధి. జపానులో జైస్ట్ అనే విద్యాసంస్థది మరొకటి. మన మొహం ఎలా ఉంటుందో కూడా తెలియని పిల్లలు, మనకు ఎర్ర పైసా ఖర్చు లేకుండా, మన కోసం గిడ్డంగి కాపలా కాస్తున్నారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నీలం గీత మీద నాకు సగం కోపం తగ్గింది. మిగిలిన సగం మాత్రం అలాగే ఉంది.

ఎందుకంటే, ఏ డీలరు దగ్గరికి వెళ్ళాలో మనం కాదు తేల్చేది. మన ఫోను లైనుకి ఉండే అంకెల చిరునామా చూసి అవతలి యంత్రం "ఈవిడ ఫలానా ఊరు, ఈవిడకు దగ్గరి అంగడి ఫలానా" అని పంపిస్తుంది. మా పలమనేరు సంగతి మీకు తెలియనిదేముంది? ఇటు పోతే కర్ణాటక, అటు పోతే తమిళనాడు. సంతలో మూడు భాషల్లో బేరమాడతాం. సరిహద్దు పల్లెల్లో మేడ మీద నిలబడితే ఫోనుకి కన్నడంలో స్వాగతం వస్తుంది. ఇంక ఆ అంకెల చిరునామానో! ఒకరోజు మమ్మల్ని చెన్నైవాళ్ళంటుంది, మరో రోజు బెంగుళూరువాళ్ళంటుంది, ఒకసారి ఏకంగా ముంబై అనేసింది. అసలు దగ్గరున్న అంగడే వేగమైనదన్న హామీ కూడా లేదు. పక్కవీధి అంగట్లో వందమంది వరసలో ఉంటే పొరుగూరి అంగడే నయం. మనకు రాత్రి పదయ్యేసరికి జపానులో ఒకటిన్నర. వాళ్ళంతా నిద్రపోతుంటారు కదా, అక్కడి నుంచి తెచ్చుకుంటే ఒక్కోసారి చకచకా వచ్చేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్ల పేజీలో "మిర్రరు మార్చుకోండి" అనే జాబితా ఉంటుంది. ఉంటే వాడుకోండి, మొహమాటం వద్దు.

ఇంకో చిక్కుంది. అసలు అంగడి నుంచి ఈ డీలర్లు రోజుకి ఒకసారో రెండుసార్లో సరుకు నింపుకుంటారు. కొందరు బద్ధకస్తులు వారానికి గానీ నింపుకోరు. మన వంటవాడేమో జాబితా అసలు అంగడి నుంచి తెచ్చుకుంటాడు, సరుకు డీలరు దగ్గర అడుగుతాడు. ఈ ఏడు పంచాంగం తీసుకుని నిరుటి గుడికి వెళ్ళినట్టుంటుంది. "ఈ ఫైలు దొరకలేదు" అంటూ మళ్ళీ గరిటె చంకన పెట్టుకుంటాడు.

సముద్రాల సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. మన దేశానికి ఇంటర్నెట్టు ఎక్కువ భాగం సముద్రం అడుగున పరిచిన గాజుదారాల్లోంచే వస్తుంది. చెన్నై, ముంబై తీరాల్లో అవి గట్టెక్కుతాయి. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర రెండు పెద్ద తీగలు తెగితే మన దేశంలో ఇంటర్నెట్టు సగానికి సగం కుంటింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో తీగలు తెగినప్పుడూ మనకు మందగించింది. ఎక్కడి ఎర్ర సముద్రం, ఎక్కడి మా గంగమ్మ గుడి వీధి! అక్కడ ఓడ లంగరు ఈడిస్తే ఇక్కడ నా నవల ఆగుతుంది. పూర్వం నవలల్లో నాయిక ఉత్తరం కోసం ఓడ రాక కోసం చూసేది. నేనూ చూస్తున్నాను, ఓడలు కొంచెం చూసుకుని పోవాలని.

ప్రభుత్వం వారి లెక్క కూడా వినండి. 2004లో "బ్రాడ్‌బ్యాండ్" అంటే సెకనుకి 256 కిలోబిట్లు అని తేల్చారు. బిట్లు అన్నారు, బైట్లు కాదు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. తులాల్లో చెప్పి గ్రాముల్లో తూచినట్టు, ప్రకటనల్లో బిట్లు, తెర మీద బైట్లు. అంటే ఆ 256 మన తెర మీద 32 కిలోబైట్లు. ఆ వేగంతో 350 మెగాబైట్ల సాఫ్ట్‌వేరు దిగాలంటే మూడు గంటల పైమాట. 2013లో ఆ హద్దు 512 చేశారు, 2023లో రెండు మెగాబిట్లు చేశారు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఫైబరు గ్రిడ్‌ను ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. స్తంభాల మీద నల్లతీగ ఊరూరా పాకింది. నేను కాదనను, రోజులు చాలా మారాయి. ఇప్పుడు మా ఇంట్లోనూ లైనుంది. కానీ ఆ లైనుకి వరస కూడా ఉంది. మొదట మావారి ఆఫీసు పని, తర్వాత పిల్లవాడి పాఠాలు, ఆ తర్వాత మామగారి పాత సినిమాలు, ఆఖరున గిన్నెలు కడిగాక నేను. అన్నం పెట్టే వరసే ఇంటర్నెట్టుకీ వచ్చింది. మీ ఇంట్లో మరోలా ఉంటే మీరు అదృష్టవంతులు, ఆ ఉపాయం నాకూ రాయండి.

లైనే లేని ఇళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నాయి. మా వీధి చివర మట్టిబొమ్మలు చేసే కుటుంబం ఒకటుంది. పలమనేరు మట్టిబొమ్మలు మీరు చూసే ఉంటారు, గుర్రాలూ ఏనుగులూ కుండీలూ, బెంగుళూరు ఇళ్ళ వరండాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఇంటి పెద్దమ్మాయి డిగ్రీ చదివింది. ఆ వంశంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. ఒక కంపెనీలో ఇంటి నుంచే చేసే ఉద్యోగానికి ఎంపికైంది. కానీ ముందు ఆరు వారాల శిక్షణ. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకల్లా ఫలానా సాఫ్ట్‌వేరు తమ లాప్‌టాప్‌లో ఎక్కించి, తెరుచుకున్నట్టు చూపించినవాళ్ళే ఆ తరగతిలో. మిగతావాళ్ళు వచ్చే తరగతికి. అది ఆరు నెలల తర్వాత.

ఆరు నెలలంటే ఏముంది అనుకోకండి. ఆ ఇంట్లో ఒక సంబంధం మాట నడుస్తోంది. అబ్బాయి తరఫువాళ్ళు తొందరపడుతున్నారు. "ఉద్యోగమొస్తే ఆగుదాం, రాకుంటే మాఘంలో కానిచ్చేద్దాం" అని వాళ్ళ నాయన మాట. ఆయన చెడ్డవాడు కాదు. కూతురికోసం సెకండ్ హ్యాండు లాప్‌టాప్ కొన్న మనిషి. ఆయన లెక్క ఆయనకుంది, ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు.

శుక్రవారం రాత్రి ఆ అమ్మాయి మొదలుపెట్టింది. మూడు మెగాబైట్ల గరిటె వెంటనే దిగింది. అదేమో నాలుగు జి.బి. పైచిలుకు సరుకు అడిగింది. ఫోనులో రోజుకి ఒకటిన్నర జి.బి.యే. అయిపోతే అర్ధరాత్రి దాకా ఆగాలి. తన ఫోనులో అయిపోయాక అమ్మ ఫోను, తర్వాత చెల్లెలిది, పక్కింటి పిన్నమ్మది. శనివారం పొద్దునకి వీధిలో ఐదు ఫోన్లు ఆ అరుగు మీద వరసగా ఉన్నాయి, బతుకమ్మ ముందు దీపాల్లాగా. వేగం సెకనుకి 120 కిలోబైట్లు. నాలుగు జి.బి. పైచిలుకంటే, ఎక్కడా తెగకపోతే, పది గంటలు. తెగకుండా ఎలా ఉంటుంది? ఒక ఫోను తీసి ఇంకో ఫోను పెట్టినప్పుడల్లా ఆ అంకెల చిరునామా మారిపోయె. వంటవాడు 71 శాతం దగ్గర గరిటె ఎత్తేశాడు. మళ్ళీ సున్నా.

సాయంత్రం వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది. "అమ్మణ్ణీ, మా యమ్మి యాడన్నా తప్పు నొక్కిందేమో ఒకతూరి చూడు తల్లీ. పొద్దన్నించీ కూడు తినలే" అంది. వెళ్ళి చూశాను. తెర మీద ఎర్ర అక్షరాల్లో "ప్లీజ్ చెక్ యువర్ ఇంటర్నెట్ కనెక్షన్" అని ఉంది. ఎంత మర్యాదగా ఉందో చూశారా! ప్లీజ్ కూడా ఉంది. కానీ దాని అర్థం మాత్రం, తప్పు నీదే అని. ఆ పిల్ల దాన్ని అలాగే చదువుకుంది. "నాకే సరింగా రాదేమోక్కా" అంది నాతో, కళ్ళు పైకెత్తకుండా. ఐదు ఫోన్లు కూడబెట్టి, నిద్ర మానుకుని, సున్నా నుంచి మూడుసార్లు మొదలుపెట్టిన పిల్ల! నాకు ఒళ్ళు మండింది. ఆ ఎర్ర అక్షరాలు రాసినవాళ్ళు ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని.

వాళ్ళ నాయన సారె ఆపి వచ్చి, తెరవైపు కాసేపు చూసి, "ఆవం మధ్యలో ఆరిపోతే ఇంతేమ్మా. ఆ కుండలు పచ్చివీ కావు, కాలినవీ కావు. మళ్ళా మట్టిలో కలపను కూడా కాదు" అన్నాడు. కంప్యూటరు పుస్తకాల్లో దీన్ని ఇంత బాగా ఎవరైనా రాశారేమో నాకు తెలీదు.

మా ఇంటికి తెచ్చుకుని దించుకోవచ్చు కదా అంటారా? అదే చెయ్యబోయాం. ఆ శనివారమే హైవే పక్కన తవ్వకాలేవో జరిగి మా లైను కూడా తెగింది. సోమవారం గానీ మనిషి రాడన్నారు. బెంగుళూరులో మా మరిది కొడుక్కి ఫోను చేశాను. వాడు ఆ కంపెనీ పేజీ తెరిచి, కిందికి కిందికి కిందికి పోయి, "పెద్దమ్మా, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరు ఉంది. 4.2 జి.బి." అన్నాడు. వాడి గదిలో అది ఆరు నిమిషాల్లో దిగింది. ఆరు నిమిషాలు! అందులో ఒక నిమిషం వాడు కాఫీ కలుపుకోవడానికి వెళ్ళాడు కూడా.

దిగింది సరే, అది ఇక్కడికి రావడం ఎలా? ఇక్కడ మా ఊరి గొప్ప చెప్పుకోవాలి. మా టమోటాలు లేనిదే బెంగుళూరులో పులుసు ఉడకదు. మా వీధి లారీ డ్రైవరు ఒకాయన రాత్రి టమోటా పెట్టెలు వేసుకుని వెళ్ళి, తెల్లారి దించి, ఖాళీ లారీతో తిరిగి వస్తాడు. ఆయనకు కబురుపెట్టాం. మా వాడు పెన్‌డ్రైవులో ఎక్కించబోతే మొదట అది ఎక్కనే లేదు. పాత పద్ధతిలో తయారైన పెన్‌డ్రైవుల్లో నాలుగు జి.బి.కి మించిన ఒకే ఫైలు పట్టదట, చోటెంత ఖాళీగా ఉన్నా సరే. మీరూ గుర్తుంచుకోండి, దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చుకుంటే పడుతుంది. వాడు మార్చి, ఎక్కించి, మార్కెట్టు దగ్గర డ్రైవరు చేతికిచ్చాడు. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ముందున్న వెంకటేశ్వరస్వామి పటం వెనకాల దోపుకుని వచ్చాడు.

బెంగుళూరు నుంచి పలమనేరుకి మూడున్నర గంటలు, దారిలో టిఫినుతో సహా. తర్వాత లెక్క వేసి చూశాను. 4.2 జి.బి. మూడున్నర గంటల్లో అంటే సెకనుకి దాదాపు 350 కిలోబైట్లు. ఐదు ఫోన్ల కన్నా మూడు రెట్లు! అదీ ఆ 32 జి.బి. పెన్‌డ్రైవు చాలావరకు ఖాళీగా ఉంది గనుక. నిండా నింపి ఉంటే సెకనుకి రెండున్నర మెగాబైట్లు దాటేది. నంగిలి దగ్గర సిగ్నలు పోయినా లారీ ఆగదు. ఆ ఆదివారం మా మిర్రరు ఆరు చక్రాల మీద వచ్చింది.

వచ్చాక వెంటనే నొక్కేయలేదు. చేతులు మారిన సరుకు కదా, సరిచూడాలి. ప్రతి ఫైలుకీ ఒక ముద్ర ఉంటుంది, ఎస్.హెచ్.ఎ. 256 అని. 64 అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగు వరస. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. నగకి హాల్‌మార్కు ఉన్నట్టు. కంపెనీ పేజీలో ఇచ్చిన వరసను మా వాడు పంపాడు. ఆ అమ్మాయి తన లాప్‌టాప్ చూపిన వరసను గట్టిగా చదువుతుంటే నేను ఫోనులో వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాను. వాళ్ళమ్మ గడపలో కూర్చుని వింటోంది. జాతకాలు కలుపుతున్నామనుకుందేమో, చివర్లో "కలిసినాయా?" అని అడిగింది. కలిశాయి, అరవై నాలుగుకి అరవై నాలుగు.

ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. బాటరీలో పదకొండు శాతం ఉండగా తిరిగి వచ్చింది. సోమవారం తొమ్మిదికి ఆ అమ్మాయి తెర తెరిచి చూపించింది. శిక్షణ పూర్తయింది, ఇప్పుడు జీతం వస్తోంది. మాఘం వెళ్ళిపోయింది. సంబంధం మాట పూర్తిగా ఆగిందని చెప్పను, వైశాఖం అంటున్నారు. కాకపోతే ఇప్పుడు ఆ మాటల్లో ఆ అమ్మాయి గొంతు కూడా వినిపిస్తోంది. మొన్న అరుగు మీద "అబ్బాయోళ్ళింట్లో నెట్టు ఉండాదా?" అని అడుగుతుంటే విన్నాను. పెళ్ళిచూపుల్లో ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న.

అప్పటి నుంచి ఆ పెన్‌డ్రైవు నా బీరువాలో లక్ష్మీదేవి పటం పక్కన ఉంటోంది. ఉచితంగా పంచుకోవడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ పూర్తి క్యారియర్లుగా దించి అందులో పెట్టాను. రాసుకునేది, బొమ్మలు గీసేది, పాటలు వినేది. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1990ల్లోనే పి.సి. క్వెస్ట్ పత్రికవాళ్ళు లినక్సు సీడీలు పత్రికతో పాటు ఇచ్చేవారు. ఉబుంటువాళ్ళు అడిగినవాళ్ళకి ఏ దేశమైనా సరే ఉచితంగా సీడీలు పోస్టులో పంపేవారు, 2011లో మానేశారు. పోస్టుమాను గుమ్మంలో నిలబడి సాఫ్ట్‌వేరు ఇచ్చి సంతకం తీసుకున్న రోజులు! ఇప్పుడు వీధిలో ఆడవాళ్ళు పెరుగు తోడుకి వచ్చినట్టు పెన్‌డ్రైవుకి వస్తున్నారు. ఇచ్చినా తరగనిది ఈ రెండే కదా, తోడూ నకలూ.

అడిగినవాళ్ళకి ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతున్నాను. ఎక్కడపడితే అక్కడ "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసే బొత్తాం నొక్కవద్దని. ఒక్కో పేజీలో అలాంటివి నాలుగుంటాయి, అసలుది ఐదోది. చీరల కొట్టు ముందు నిలబడి పక్క కొట్టువాళ్ళు చెయ్యి పట్టుకు లాగినట్టు. పేరున్న చోట్లకే ఒకప్పుడు ఈ జబ్బు పట్టింది. సోర్స్‌ఫోర్జ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్లకి పుట్టిల్లు లాంటి చోటు. 2013లో అక్కడ ఇన్‌స్టాలర్లలో అడగని సరుకు కూడా చుట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరువాళ్ళు ఆ ఏడే నవంబరులో దణ్ణం పెట్టి బయటికి వచ్చేశారు. 2015లో పెద్ద రభసయింది. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతి మానేశారు. బుద్ధి తెచ్చుకున్నారు, సంతోషం. కానీ ఆ విద్య నేర్చుకున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. "తర్వాత, తర్వాత" అని నొక్కుకుంటూ పోయేముందు చిన్న గళ్ళలో ముందే పెట్టి ఉంచిన టిక్కులు చూసుకోవాలి. కూరగాయల సంచిలో అడక్కుండా వేసిన కొత్తిమీర కాదు అవి.

చివరిగా అందులో ఖతులు కూడా పెట్టాను. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన తెలుగు ఖతులకు ఎంత చక్కని పేర్లు పెట్టారో! పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న. గిడుగు, గురజాడ కూడా ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు లేకుండా సభ నిండదు గనుక ఆయన పేరున కూడా ఒకటుంది. చిన్న ఫైళ్ళే, ఎంత నీరసపు లైనులోనైనా దిగుతాయి. ఒకరాత్రి వంటిల్లు సర్దేశాక కూర్చుని భువనవిజయం మొత్తం దించుకున్నాను. పెద్దనగారు పెద్దరికం నిలబెట్టుకుని ముందుగా వచ్చారు. ధూర్జటి మా కాళహస్తి కవే అయినా సగంలో ఆగి కాసేపు ధ్యానంలో ఉండిపోయారు. తెనాలి రామకృష్ణుడు మాత్రం "మిగిలింది 1 నిమిషం" అన్న రెండో క్షణంలో వచ్చి కూర్చున్నాడు. వికటకవి కదా.

నిన్న మా వీధి దర్జీ భార్య వచ్చింది. వాళ్ళబ్బాయికి బొమ్మల సాఫ్ట్‌వేరు కావాలట. "ఒక్క నిమిషం ఇయ్యక్కా, ఎక్కించుకోని తెచ్చిస్తా" అని పెన్‌డ్రైవు పట్టుకెళ్ళింది. ఇంకా రాలేదు.